మెడ ఎటు తిప్పమంటారు

బొమ్మ మెడ కాస్త పొడుగైంది, ఆయనకి అసలు మెడంటూ ఒకటి ఉన్నట్టే తెలిసేది కాదు, తలని ఎవరో భుజాల మీద పెట్టి మరిచిపోయినట్టుండేది, అనుకుంది తీనా ప్లాస్టిక్ కుర్చీలో ముందుకి జరుగుతూ. కానీ ఆ మాట పైకి అనలేదు, ఎందుకంటే ముక్కు మాత్రం అచ్చం ఆయనదే, వేరుశనక్కాయలా మధ్యలో నొక్కు, ఆ నొక్కు దగ్గర కళ్ళజోడు ఎప్పుడూ ఓ పక్కకి జారేది, ఇక్కడా జారుతోంది, ఎవరు చెప్పారో వీళ్ళకి, తనైతే చెప్పలేదు. గోడల్లేని చావడి, పైన పెంకుల మీద మూడుగంటల వాన, ఈ జావా ఊరు జోగ్యాలో ఈ నెలలో వాన కూడా ఆఫీసు గుమాస్తాలాగే, వచ్చే వేళ మారదు. చావడి మధ్యలో మోకాలెత్తు బల్ల, బల్ల మీద అరచేతంత టైపుమిషను, దాని ముందు మూరన్నర ఎత్తు మొగుడు. మూడేళ్ళ కింద మట్టిలో పెట్టి వచ్చిన మనిషి నల్లబట్టలు వేసుకున్న ముగ్గురి చేతుల మధ్య కూచుని లవంగం సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు. తలా కుడిచెయ్యీ గొంతూ గలూహ్‌వి, ఆ పిల్లదే ఈ ఆట అంతా, రాసిందీ కట్టిందీ. ఎడంచెయ్యీ కాళ్ళూ ఇంకో అమ్మాయివి. మూడో మనిషి బగ్యో, లావుపాటివాడు, మోకాళ్ళకి తువ్వాళ్ళు కట్టుకుని బల్ల వెనక చతికిలబడి ఉన్నాడు, అతని వంతు ఇంకా రాలేదు. ఆట రేపు సాయంత్రం. ఇవాళ్టిది ఒక్క తీనా కోసమే, మొదలుపెట్టే ముందు గలూహ్ చేతులు కట్టుకుని నిలబడి మరీ చెప్పింది, "మీరు చూసి సరే అంటేనే రేపు ఆటమ్మా. ఏ ముక్క కాదన్నా తీసేస్తాం, ఏ ముక్క చెప్పినా పెడతాం" అని. చెప్పినా, అని ఆ పిల్ల ఎందుకు అన్నదో, ఏమైనా తెలిసి అన్నదా, ఊరికే అన్నదా. తెలిసే వీలు లేదు, తెలిసినవాళ్ళు ముగ్గురే, అందులో ఇద్దరు పోయారు, ఆ ఇద్దరిలో ఒకరు కుక్క.

తల చెయ్యడానికి పాత వారపత్రికలు నానబెట్టి పొరమీద పొర అంటించారట, ఆయన సీరియళ్ళు పడ్డ పత్రికలే ఏరి కొన్నారట, గలూహ్ ఆ సంగతి చెబుతున్నప్పుడు కళ్ళు మెరిశాయి. మొత్తానికి తల నిండా ఆయన కథలే, ఇంకెవరికీ చోటు లేదు, బతికుండగానూ అంతే, అంది తీనా, ఆ పిల్ల నవ్వాలో వద్దో తెలియక నోట్‌బుక్కులో రాసుకుంది. చొక్కా మాత్రం నిజంది, గళ్ళ నేతచొక్కా, తనే ఇచ్చింది, బొమ్మకి సరిపడేలా కత్తిరిస్తే జేబు మాత్రం అంతే ఉంచారు, బొడ్డు దాకా వచ్చింది. తనని బొమ్మ చెయ్యొద్దని ముందే ఒట్టు పెట్టించుకుంది, నా నడుం మీరు ఎంత లావు పెడతారో నాకు తెలుసు అని. అందుకని ఈ ఆటలో పెళ్ళాం అంటే ఒక కాఫీ గ్లాసు, తెర పక్కనుంచి నల్ల తొడుగు చెయ్యి ఒకటి వచ్చి గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోతుంది. ఇదిగో పెట్టింది. బొమ్మ తల ఎత్తలేదు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురం ఒక చేతితొడుగులో ఇమిడిపోయింది, అబద్ధం ఏమీ లేదు, మూత మాత్రం పెట్టలేదు, మూత పెట్టకపోతే చీమలు పడతాయి, అది చెప్పాలి, అది చెప్పవచ్చు, అది పెద్ద విషయం కాదు.

బగ్యో లేచాడు. లేవడం అంటే నాలుగు కాళ్ళ మీదికి వంగడం, చేతుల్లో కుక్క, కొబ్బరిపీచు ఒళ్ళు, గోనెగుడ్డ చెవులు, తోక ఏదో పాత గొడుగు పుల్లలా ఉంది. ముక్కు, ముఖం, ఇవేమీ తమ కుక్క మెనీర్‌వి కావు, కానీ వెనక కుడికాలు కొంచెం ఈడ్చి, ఒకసారి ఆగి, ఎవరైనా పిలిచారా అన్నట్టు తల వాల్చి, అది మాత్రం అదే, అదే గర్వం, పిలిస్తే గానీ రాను అనే ఆ బెట్టు. బొమ్మ టైపు కొట్టడం ఆపింది. గలూహ్ గొంతు బొంగురుగా, ఆయనది కాకపోయినా ఆయన వయసున్నది, "ఒరే మెనీర్! ఇట్రా! ఎక్కడ దొర్లొచ్చావ్ రా, వెధవా?" అంది. కుక్క తోక ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చింది. రాదు. ఛస్తే రాదు. అలా పిలిస్తే మెనీర్ తల కూడా తిప్పేది కాదు, పక్కింటి వాళ్ళెవరో కోడిని పిలుచుకుంటున్నారు కాబోలు అన్నట్టు కళ్ళు మూసుకునేది.

ఆర్నెల్ల కింద గలూహ్ తాటిబెల్లం బిళ్ళలు పట్టుకుని ఇంటికొచ్చి, చాప మీద మఠం వేసుకుని, "అయ్యగారు దాంతో ఎలా మాట్లాడేవారమ్మా?" అని అడిగింది. "ఎలా ఏముంది, కుక్కతో ఎవరైనా ఎలా మాట్లాడతారో అలాగే" అంది తీనా. అన్నాక టీ తేవడానికి లోపలికి వెళ్ళి, వంటింట్లో కావలసినదానికన్నా ఎక్కువసేపు నిలబడింది. అబద్ధం ఆడటం పెద్ద కష్టం కాలేదు, తరవాత మింగడమే కష్టమైంది. కానీ నిజం చెబితే, ఆ నిజాన్ని రేపు వీధి వీధంతా వచ్చి చాపల మీద కూచుని చూస్తే, ఎవరికి మాత్రం నవ్వు రాదు. జావాలో పుట్టినవాళ్ళకి ఎవరితో ఏ మాట అనేది పాలతోబాటే వస్తుంది, తోటివాళ్ళతో, పిల్లలతో, పెళ్ళాంతో, కోళ్ళతో కింద మాట, అత్తగారితో, పంతులుగారితో, మొగుడితో పై మాట. రెండిటికీ చుట్టరికమే లేదు, తిండి వేరు భోజనం వేరు, ఇల్లు వేరు నిలయం వేరు, ఒకదాంట్లో పండుకోవడం ఇంకోదాంట్లో శయనించడం. తీనా పెళ్ళయిన నాటినుంచి మొగుడితో తమరు, మీరు అనే మాట్లాడింది, ఆయన ఆమెని నువ్వు అన్నారు, అందులో ఎవరికీ తప్పు పట్టే పనిలేదు, వాళ్ళమ్మా అంతే, వీళ్ళమ్మా అంతే. తప్పంతా కుక్కది. మెనీర్‌కి పై మాట తప్ప రాదు.

అది నగరు కుక్క. రాచనగరులో పుట్టి, అక్కడే ముసలిదైన ఒకావిడ పెంచింది దాన్ని. తీనా మొగుడు విగ్న్యో గారు బండి తోలేవాడి కొడుకు, ఆయన కథల్లో సంతలూ దొంగలూ కల్లుపాకలూ బ్రహ్మాండంగా ఉండేవి గానీ ఒక దొర నోరు విప్పాలంటే చెమటలు పట్టేవి, ఒక్క మాట తప్పినా పత్రికకి నలభై ఉత్తరాలు వచ్చేవి. అందుకని దొర వచ్చే వారమల్లా సైకిలెక్కి ఆ ముసలావిడ దగ్గరికి వెళ్ళి దిద్దించుకునేవారు, ఆవిడ ఎర్ర పెన్సిలుతో గీతలు కొడుతూ, నీ దొర తుమ్మాడు అని రాశావు, దొరలు అలా తుమ్మరు నాయనా అనేదిట. ఆవిడ జీవితంలో కింద మాట ఒక్కటి ఆడి ఎరగదు, పనిమనిషితో కాదు, కాకితో కాదు. ఆవిడ పోయాక మేనల్లుడు ఇల్లు ఖాళీ చేస్తూ కుక్కని వండుకు తినేవాళ్ళకి ఇచ్చేస్తానంటే, ఈయన మరో మాట లేకుండా సైకిలు వెనక గంపలో పెట్టుకుని వచ్చేశారు, ఆవేళా వానే. పేరేమిటని అడిగితే మెనీర్ అన్నారు. డచ్చి దొరల కాలంలో మెనీర్ అంటే దొరగారూ అని, ముసలావిడ లెక్క అది. వంటింట్లో మెనీర్ అంటే నూకలు, తీనా లెక్క ఇది. నూకల రంగులోనే ఉంది కూడా, తెలుపూ కాదు దుమ్మూ కాదు. జామచెట్టు కింద పడుకుని మూడు రోజులు మెతుకు ముట్టలేదు. రా అన్నా, తిను అన్నా, లే అన్నా, చెవి కదిలితే ఒట్టు. చెవుడేమో అన్నది తీనా. నాలుగోనాడు విసుగుపుట్టి, ఎకసెక్కానికి, నడుం వంచి రెండు చేతులూ జోడించి, "తమరు భోజనానికి దయచేయాలి" అన్నారాయన. లేచింది. ఒళ్ళు విదుల్చుకుంది. గిన్నెడూ తిన్నది. తిని, ఇంత ఆలస్యమా అన్నట్టు చూసింది. ఆయన నేలమీద కూలబడి కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు, తీనా కూడా నవ్వింది, ఆ నవ్వు పదకొండేళ్ళు మెడకి చుట్టుకుంటుందని అప్పుడు ఎవరికి తెలుసు.

ఇంక ఆ ఇంట్లో పొద్దున లేస్తే వినిపించేది ఇదీ, "తమరికి ఎండ తగులుతున్నట్టుంది, నీడకి జరుగుతారా?" "తమరి నిద్ర చెడగొట్టానా?" వెంటనే అదే నోటితో, మెడ కూడా తిప్పకుండా, "తీనా, కాఫీ." రెండే మాటలు, అందులో ఒకటి తన పేరు కాబట్టి సరిపోయింది. బండిమీద కూరగాయలమ్మే సార్మి ఒకసారి గుమ్మంలో నిలబడి ఇదంతా విని, సొరకాయ తూస్తూ తూస్తూ, "ఏమేవ్ తీనా, నువ్వు కూడా నాలుగురోజులు చేతులూ కాళ్ళూ ఆనించి నడిచి చూడరాదూ, మర్యాద దొరుకుతుందేమో" అంది. ఆ మాట సొరకాయ కన్నా ముందు వీధి చివరికి చేరింది. తీనాకి కోపం రాలేదని కాదు, వచ్చింది, కానీ ఎవరి మీద పెట్టుకోవాలో తేలలేదు, కుక్కకి తెలియదు, మొగుడికి తెలిసినా తెలియదు. తనూ దాన్ని వంటింట్లోంచి తరమాలంటే, చీపురు చేత్తో పట్టుకుని, తమరు బయటికి దయచేయండి అనవలసిందే. నమాజుకి కట్టుకునే గుడ్డకి దాని మూతి తగిలిందంటే ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టితో, కడుగుతూ కడుగుతూ లెక్క తప్పితే మళ్ళీ మొదటినుంచి, ఆ ఏడుసార్లలో ఆయన్ని మూడుసార్లూ దాన్ని నాలుగుసార్లూ తిట్టుకునేది, తిట్లు మాత్రం కింద మాటలోనే, మనసులో మర్యాద ఎందుకు.

బల్ల మీద ఇప్పుడు ఆకుల్లా కాగితాలు ఎగురుతున్నాయి, పుల్లలకి కట్టి ఊపుతున్నారు, రాత కుదరడం లేదని కాబోలు, బొమ్మ తల పట్టుకుంది, కుక్క వచ్చి కాగితాల మీద పడుకుంది, బొమ్మ దానికి చదివి వినిపిస్తోంది. ఇది తను చెప్పిందే. ప్రతి వారం కథ పత్రికకి పంపే ముందు కుక్కకి చదివేవారు, పెళ్ళానికి ఏనాడూ చదవలేదు. ఎందుకు చదవలేదమ్మా అని గలూహ్ అడిగితే, నాకు పనుండేది అంది. పనే, మరి, అప్పడాలు వేయించడం. వంటింటి తడిక ఇవతల పొయ్యి, అవతల ఆయనా కుక్కా, ప్రతి అక్షరం వినబడేది. ఒకసారి కథలో ఒక పడుచు విధవ మూడు పేజీల పాటు ఏడుస్తుంటే ఒళ్ళు మండి బాణలి మీద మూత ఠంగుమని పెట్టింది. పైవారం పత్రిక వచ్చింది, ఆ విధవ రెండు వాక్యాల్లో కళ్ళు తుడుచుకుని దుకాణం తెరిచింది. తీనా ఆ పేజీ రెండుసార్లు చదివింది. కాకతాళీయం అనుకుంది. మరోసారి, దొంగ మారుమనసు పొందే చోట, కావాలనే పెట్టింది మూత. దొంగ మారలేదు. ఆ తరవాత ఇరవై ఏడు సీరియళ్ళు, ఆయన ఎన్నడూ తడిక వైపు తిరిగి అడగలేదు, తను ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు, మూత మోగిన చోటల్లా అచ్చులో ఏదో ఒకటి మారేది. బాగున్న చోట మూత మెల్లిగా పెట్టేది. అది కూడా వినేవారో లేదో. ఇది ఎవరికీ చెప్పలేదు, చెబితే వాళ్ళు దీన్ని కూడా ఆటలో పెడతారు, మూత ఒకటి నల్ల తొడుగు చేతికి ఇస్తారు, అందరూ ఆహా అంటారు. కొన్ని అలా ఎవరి వంటింట్లో వాళ్ళకి ఉండాలి.

వాన జోరు తగ్గింది, చూరునుంచి ధారలు విడివిడిగా పడుతున్నాయి. బొమ్మ మంచం మీద ఉంది. ఎప్పుడు పడుకోబెట్టారో చూడలేదు. గలూహ్ ఎడంచేతి అమ్మాయిని పక్కకి జరిపేసింది, బొమ్మ ఎడం పక్కంతా వాలిపోయింది. ఆయనా అలాగే, పక్షవాతం వచ్చి, బావి దగ్గర పళ్ళు తోముకుంటూ, ఒక పక్కకి ఒరిగారు, అంతే. ఆస్పత్రిలో నాలుగోరోజున నోరు పెగిలింది. తీనా జావ తాగిస్తుంటే చెంచా దగ్గరికి రాగానే ఆపి, ఒక్కొక్క అక్షరం ఏరుకుంటున్నట్టు, "క్షమించాలి. తమరికి శ్రమ ఇస్తున్నాను" అన్నారు. తీనా వెనక్కి తిరిగి చూసింది, ఎవరొచ్చారో అని. ఎవరూ లేరు. కింద మాటంతా పోయింది, ఒక్కటి మిగల్లేదు, తీనా పోయింది, కాఫీ పోయింది, పుట్టినప్పటినుంచి ఉన్నదంతా పోయి, ఎర్ర పెన్సిలు కింద చెమటలు కక్కి నేర్చుకున్నది మాత్రం నిలిచింది. అలవోకగా వచ్చింది పోతుందమ్మా, కష్టపడి నేర్చుకున్నది ఒక్కోసారి మిగులుతుంది అన్నాడు డాక్టరు, వాతావరణం చెప్పినట్టు. ఇంటికి తెచ్చాక తొమ్మిది వారాలు, తమరు భోంచేశారా, తమరు కూచోండి, తమరి చెయ్యి చల్లగా ఉంది. పదకొండేళ్ళు కుక్కని చూసి కుళ్ళుకున్నది ఇందుకేనా, ఇదిగో వచ్చింది, పళ్ళెంలో పెట్టి మరీ ఇస్తున్నారు, తీసుకోవడానికి చేతులు రాలేదు. ఇంట్లోకి ఎవరో పెద్దమనిషి వచ్చి మంచం మీద పడుకున్నట్టుండేది, కొంగు సర్దుకోవాలనిపించేది. ఒక మధ్యాహ్నం ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, నన్ను నువ్వు అనండి, ఒక్కసారి అనండి అని బతిమాలింది. ఆయన చాలాసేపు పెదాలు కదిపారు. "తమరి దయ" అన్నారు చివరికి. మంచం కింద మెనీర్ తోక నేలకి కొట్టుకుంది.

ఆ తోక చప్పుడు దగ్గరే పురుగు తొలిచింది. ఆ కంఠంతో, ఆ మాటలతో ఆయన జీవితంలో రోజూ మాట్లాడింది ఒక్క కుక్కతోనే. అయితే ఈ తమరు ఎవరు. తనేనా, మంచం కింద ఉన్నదా, ఎప్పుడో పోయిన ముసలావిడా. తీనా ముఖం చూసి తీనా అని తెలిసేదా ఆయనకి. కళ్ళలో వెతికేది, కళ్ళు బాగానే ఉండేవి, కానీ కళ్ళకి పై మాటా కింద మాటా ఉండవు. ఇక ఆ చివరి రోజు మాట, ఆ ఒక్క మాట, పాడె లేవకముందే కొంగున ముడేసుకుంది, ఏమైనా అన్నారా వదినా అని ఆడబిడ్డ అడిగినా, ఈ పిల్ల నోట్‌బుక్కు తెరిచి అడిగినా, ఏమీ అనలేదు, నిద్రలో పోయారు అనే చెప్పింది. ఆయనకి నూకలు చెల్లాయి, నూకకి మాత్రం మరో ఏడాది మిగిలింది, ఆ ఏడాదంతా ఆ ఇంట్లో ఇద్దరు విధవలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండేవాళ్ళు, తమరు తిన్నారా అని తనే అడిగేది, అడగకపోతే తినదు కదా.

బల్ల మీద బొమ్మ ఛాతీ ఒకసారి లేచి దిగింది, మళ్ళీ లేవలేదు. గలూహ్ చెయ్యి దాని వీపు వెనకనుంచి మెల్లిగా తప్పుకుంది, అంతే, అప్పటిదాకా ఉన్న మనిషి కాగితమూ గుడ్డా అయిపోయాడు. కుక్క వచ్చి మంచం కోడు మీద గడ్డం ఆనించింది. వాన చప్పుడు. అయిపోయినట్టుంది. ముగ్గురూ తన వంకే చూస్తున్నారు.

"బాగుంది" అంది తీనా. "కాఫీ గ్లాసుకి మూత పెట్టండి."

గలూహ్ నవ్వలేదు. నుదురు తుడుచుకుని బల్ల అంచున కూచుంది. "బాలేదమ్మా. నాకు తెలుసు. అంతా బాగానే నడుస్తుంది, ఈ చివర వచ్చేసరికి చచ్చిపోతుంది. ఆయన చచ్చిపోవాలి గానీ ఆట చచ్చిపోకూడదు కదా."

"నాకు లేవడానికి కారణం లేదమ్మా" అన్నాడు బగ్యో నేలమీదినుంచే, మోకాలు నొక్కుకుంటూ. "కుక్క గుమ్మంలో పడుకుని ఉంటుంది. మంచం దగ్గరికి ఎందుకొస్తుంది చెప్పండి? గలూహ్ రమ్మంటుంది కాబట్టి వస్తున్నా. నా కుక్క నన్ను నమ్మడం లేదు."

నేలమీద కూచున్న ఆ లావుపాటి మనిషిని చూసింది తీనా. నలభై అయిదేళ్ళుంటాయి, చేతిలో కొబ్బరిపీచు, మొహంలో నిజమైన దిగులు, కుక్క నమ్మడం లేదట. వీళ్ళు పిచ్చివాళ్ళు, ఆయన జాతివాళ్ళే. రేపు వీధంతా వస్తుంది. సార్మి ముందు వరసలో కూచుంటుంది, తప్పదు. నవ్వుతుంది. నవ్వితే ఏమవుతుంది, సొరకాయ ధర పెరుగుతుందా.

"దాన్ని ఆయన ఒరే అనలేదు" అంది.

"ఏమనేవారు?"

"తమరు అనేవారు. పై మాట. అచ్చం నగరులో లాగ. కింద మాట దానికి అర్థం కాదు."

బగ్యో పొట్ట పట్టుకుని నేలమీద దొర్లాడు. "కుక్కనా? తమరా? మరి మిమ్మల్నో?"

"నన్నా, నువ్వే. నేను కింద మాట అర్థమయ్యే జాతి." ఎడంచేతి అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, గలూహ్ కూడా ఆపుకోలేకపోయింది, తీనాకే ఆశ్చర్యం, నవ్వు వచ్చి మీద పడ్డా ఏమీ విరగలేదు, వేడినీళ్ళ స్నానంలా ఉంది, ఆ వేడిలోనే తక్కినది కూడా ఎలా ఊడివచ్చిందో, ఆస్పత్రీ, పోయిన మాటలూ, తొమ్మిది వారాలూ, ఆ మధ్యాహ్నమూ అన్నీ చెప్పేసింది, కొంగు ముడి విప్పినట్టు, చివరికి ఆ మాట కూడా. "తమరిక్కడే ఉండండి. అంతే అన్నారు. అని పోయారు."

గలూహ్ నోట్‌బుక్కు తీసుకోలేదు. లేచి వెళ్ళి, బొమ్మ వీపు వెనక మళ్ళీ చెయ్యి దూర్చింది, కాగితమూ గుడ్డా మళ్ళీ ఊపిరి పీల్చాయి. మంచం మీద తల కొంచెం లేచింది. ఆగింది.

"ఎవరితో అన్నారమ్మా?"

తీనా చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుంది.

"అడక్కూడదేమో గానీ, అడక్కుండా నేను ఆడించలేను. మనిషైతే ఎటో చూస్తూ అనేయొచ్చు, జనమే సర్దుకుంటారు. బొమ్మ అలా కాదు. బొమ్మ ఎటు చూస్తే మాట అటే పోతుంది, ఎటూ చూడకపోతే ఆ మాట నా నోట్లోంచి వచ్చినట్టే ఉంటుంది, ఆయనది కాదు. మెడ ఎటో ఒకటి తిప్పాలి." పొడుగు మెడ గలూహ్ వేళ్ళ మీద నిలబడి ఉంది. "గుమ్మం వైపా? ఇటు వైపా? ఎటు తిప్పమంటారు?"

ఇటు అంటే చాలు. ఒక్క మాట, ఇటు తిప్పమ్మా, నా వైపు. ఎవరు కాదంటారు, సాక్షి ఎవరున్నారు, రేపు వీధంతా చూస్తుంది, విగ్న్యో పోతూ పోతూ పెళ్ళాన్ని తమరు అన్నాడని ఊరంతా చెప్పుకుంటారు, పది రోజులు పోతే తనే నమ్మేస్తుంది, ఆ తొలిచే పురుగు చస్తుంది. లేదా గుమ్మం వైపు అనవచ్చు, అప్పుడూ పురుగు చస్తుంది, ఇంకో రకంగా. నోరు తెరిచింది. తెరిచేసరికి ఆయన పోయిన మధ్యాహ్నం ఉన్నపళాన వచ్చి నిలబడింది, తను ఇన్నాళ్ళూ మాటనే తిప్పి తిప్పి చూసింది గానీ ఆ గదిని చూడలేదు. కిటికీ దగ్గర నిలబడి ఆరిన దిండుగలీబు మడత పెడుతోంది. మెనీర్ గుమ్మంలో, గడప మీద గడ్డం. బయట ఎవరిదో మోటారుసైకిలు స్టార్టవక తన్నుతున్నాడు. ఆయన మెడ అప్పటికే రెండు రోజులనుంచి తిరగడం లేదు, తిప్పాలంటే తనే రెండు చేతులతో తిప్పేది. కళ్ళు పైకప్పు మీద, దూలం దగ్గర బల్లి. ఆ బల్లి వంక చూస్తూనే అన్నారు. తమరిక్కడే ఉండండి. దిండుగలీబు చేతిలోంచి జారింది. గోళ్ళ చప్పుడు. మంచం దగ్గరికి తను వచ్చేసరికి మోకాలికి మెత్తగా ఏదో తగిలింది, తను దానికి తగిలింది, దాని మూతీ తన చెయ్యీ ఒకేసారి ఆయన చేతి మీద పడ్డాయి, దాన్ని తొయ్యాలని కూడా తోచలేదు. ఆ సాయంత్రం బావి దగ్గర ఏడుసార్లూ కడుక్కుంది, లెక్క తప్పలేదు, ఎవర్నీ తిట్టలేదు.

"తిప్పకు" అంది.

"అమ్మా..."

"ఆయన మెడ తిరిగేది కాదు. పైకి చూస్తూ అన్నారు. ఎవరితో అన్నారో నాకు తెలీదు, మూడేళ్ళనుంచీ తెలీదు. ఆ మాటకి ఇద్దరం లేచాం. అది తెలుసు."

గలూహ్ బగ్యో వైపు చూసింది. బగ్యో అప్పటికే కుక్కని గడప దగ్గరికి తీసుకుపోతున్నాడు, మోకాళ్ళ మీద, ఈసారి మూలగలేదు. గలూహ్ బొమ్మని పడుకోబెట్టింది, మొహం పెంకుల వైపు, కళ్ళజోడు ఓ పక్కకి జారింది, సర్దలేదు. చావడి కప్పు కింద ఎక్కడో చూరు చివర ఆ చూపు ఆగింది. తరవాత, బొంగురు లేకుండా, వేషం లేకుండా, ఒక్కో అక్షరం ఏరుకుంటున్నట్టు, పై మాటలో,

"తమరిక్కడే ఉండండి."

గోనెగుడ్డ చెవులు లేచాయి. కుక్క లేచింది, కుడికాలు ఈడుస్తూ, ఎవరూ రమ్మనకుండా వస్తోంది. గలూహ్ బొమ్మ మీదినుంచి చూపు తియ్యకుండానే, "ఇటు పక్క ఖాళీగా ఉండిపోయిందే, మీ బొమ్మ చెయ్యలేదు కదమ్మా, రేపటికి ఏం చెయ్యను" అంటోంది, అని, జవాబు రాకపోయేసరికి తలెత్తింది.

ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. చేతిసంచీ నేలమీద పడి ఉంది. తీనా బల్లకి ఇవతలి పక్కన నిలబడి ఉంది, ఎప్పుడు లేచిందో ఆమెకీ తెలియదు, బగ్యో తలెత్తి, "కాస్త చూసుకోండమ్మా, తగులుతాం" అంటున్నా పక్కకి జరగలేదు.